రావలసిన కాగితము, ఇవ్వకూడని కాగితము

రాజపాళయము నేత కుటుంబాలకు చట్టమును గురించి కొన్ని మాటలు



మగ్గము మీద పోగు తెగితే మనకు వెంటనే తెలుస్తుంది. కన్ను పోకముందే చెవి పసిగడుతుంది. వ్యాపారములో పోగు తెగితే మాత్రము ఏడాది గడిచేదాకా తెలియదు. అప్పటికి బట్ట చేయి దాటిపోయి ఉంటుంది. సొమ్ము రాదు. నూలు షావుకారు మాత్రము వాకిట్లో నిలబడి ఉంటాడు. అటువంటి గతి మన ఇండ్లలో ఎవరికీ పట్టకూడదనే ఉద్దేశముతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను వకీలును కాను, నేతవానిని. దెబ్బ తగిలిన తరువాత తెలుసుకున్న సంగతులను, తగలకముందే మీకు చెప్పవలెనని కోరిక.

రాజపాళయము పేరు చెప్పగానే అందరికీ నూలు మిల్లులు గుర్తుకు వస్తాయి. 1936లో రాజపాళయము మిల్స్ ఏర్పడిన నాటినుంచి ఈ ఊరికి నూలే ప్రాణము. ఊరికి దగ్గరలో ఉన్న చత్రపట్టి, సముసిగాపురము గ్రామాలలో మరమగ్గాల మీద ఆస్పత్రులకు కావలసిన బ్యాండేజీ గుడ్డ, గాజ్ గుడ్డ నేస్తారు. ఇక్కడ నేసిన గుడ్డ ఎక్కడెక్కడి ఊళ్లకో పోయి, ఎవరెవరి గాయాలకో కట్టు అవుతున్నది. గుడ్డ దూరము పోయేకొద్దీ సొమ్ము వచ్చే దారి కూడా దూరమవుతుంది. మన ముఖము చూడని మనిషికి మనము సరుకు ఇస్తున్నాము. మన తాతల కాలములో మాట మీద నడిచిన వ్యాపారము, ఆ దూరానికి మాట మీద నడవదు.

మా ఇంటి సంగతి

మా పినతండ్రికి ఆరు మరమగ్గాలు ఉండేవి. నూలు ఒక షావుకారు దగ్గర అరువు తెచ్చేవాడు. గాజ్ గుడ్డ నేసి మరొక ఊరి వ్యాపారికి పంపేవాడు. 2018వ సంవత్సరము చివర నాలుగు నెలల పాటు పంపిన సరుకుకు మూడు లక్షల నలభై వేల రూపాయలు రావలసి ఉండెను. వ్యాపారి ఈ నెల, వచ్చే నెల అని వాయిదాలు పెట్టినాడు. ఎనిమిది నెలలు గడచిన తరువాత, “మీ గుడ్డలో పేక పలుచగా ఉన్నది, మచ్చలు ఉన్నాయి, మేము నష్టపోయినాము” అని ఫోనులో చెప్పి ఊరుకున్నాడు.

ఇంతలో నూలు షావుకారు ఓపిక నశించినది. మొదటి బేరము నాడే ఆయన మా పినతండ్రి చేత ఒక చెక్కు మీద సంతకము చేయించుకొని, అంకెలు వేయకుండా పెట్టెలో దాచుకున్నాడు. దానిలో ఇప్పుడు అంకె వేసి బ్యాంకులో వేసినాడు. ఖాతాలో సొమ్ము లేదు. చెక్కు తిరిగి వచ్చినది. తరువాత వకీలు నోటీసు వచ్చినది. ఇంగ్లీషులో ఉన్న ఆ నోటీసును మా పినతండ్రి మడిచి దేవుడి పటము వెనుక పెట్టినాడు. తరువాత కోర్టు సమను వచ్చినది.

అప్పుడు ఇద్దరమూ శ్రీవిల్లిపుత్తూరు వెళ్లి ఒక వకీలును కలుసుకున్నాము. ఆయన మూడు ప్రశ్నలు వేసినాడు. “సరుకు ఏ తేదీన ఇచ్చినారు? పుచ్చుకున్నట్లు ఎవరు సంతకము చేసినారు? గుడ్డ బాగాలేదని వారు ఎప్పుడు వ్రాసి పంపినారు?” మా పినతండ్రి చంకలోని పద్దు పుస్తకము తీసి చూపినాడు. అందులో తేదీలు, మీటర్లు అన్నీ ఆయన చేతివ్రాతలోనే ఉన్నాయి. వ్యాపారి చేతివ్రాత ఒక్క అక్షరము లేదు. వకీలు పుస్తకము తిరగేసి, “అయ్యా, రావలసిన చోట మీ దగ్గర కాగితము లేదు. ఇవ్వకూడని చోట మీరు కాగితము ఇచ్చినారు” అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానము. చిన్న నేతవానికి చట్టము తక్కువ మేలు చేయలేదు. అయితే చట్టము చేయి చాచే చోట మన చేతిలో కాగితము ఉండవలెను.

పదిహేను రోజులు, నలభై ఐదు రోజులు

చిన్న పరిశ్రమవారికి బాకీలు ఆలస్యమగుట కొత్త సంగతి కాదు. దీనికొరకే 1993లో కేంద్ర ప్రభుత్వమువారు ఒక చట్టము చేసినారు. దాని స్థానములో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము వచ్చినది. అది 2006 నాటి చట్టము. ఆ సంవత్సరము అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్నది. ఇందులో 15 మొదలు 24 వరకు గల సెక్షనులు బాకీలకు సంబంధించినవి. వాటి సారాంశము ఇది.

కొనుగోలుదారుతో గడువును గురించి వ్రాతమూలకమైన ఒప్పందము లేకపోతే, సరుకు అంగీకరించిన నాటినుంచి 15 రోజులలో సొమ్ము చెల్లించవలెను. వ్రాతమూలకమైన ఒప్పందము ఉంటే అందులోని గడువు చెల్లుతుంది, కాని అది 45 రోజులకు మించరాదు. “మా కంపెనీ పద్ధతి 90 రోజులు” అని కొనుగోలుదారు కాగితము మీద వ్రాసుకున్నా, మనము దానిమీద సంతకము పెట్టినా, చట్టము ముందు 45 రోజులే గడువు.

ఇక “అంగీకరించిన నాడు” అనగా ఏమి? నేతవారు అందరూ ఇది బాగా గుర్తుపెట్టుకోవలెను. సరుకు చేరిన 15 రోజులలోగా కొనుగోలుదారు తన అభ్యంతరమును వ్రాసి పంపవలెను. అట్లు వ్రాయకపోతే సరుకు చేరిన నాడే అంగీకరించినట్లు చట్టము భావిస్తుంది. ఎనిమిది నెలల తరువాత ఫోనులో “పేక పలుచగా ఉన్నది” అన్నంత మాత్రాన ఆ గడువు వెనక్కు పోదు. అయితే సరుకు ఏ నాడు చేరినదో మనము చూపగలగవలెను. చేరిన తేదీ లేకపోతే పదిహేను రోజులు ఎక్కడినుంచి లెక్కించుట? మా పినతండ్రి కేసు అక్కడే చిక్కుకున్నది.

గడువు దాటితే వడ్డీ మాటేమి? రిజర్వు బ్యాంకువారు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు. అదియు నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. ఒక లెక్క చూడండి. 2024వ సంవత్సరములో బ్యాంకు రేటు 6.75 శాతము. మూడింతలు 20.25 శాతము. ఆ రేటున లక్ష రూపాయల బాకీ ఒక ఏడాది నిలిచిపోతే వడ్డీయే సుమారు 22,200 రూపాయలు అవుతుంది. బ్యాంకు రేటు మారినప్పుడు ఈ లెక్క కూడా మారుతుంది గనుక, ఏ కాలానికి ఆ కాలపు రేటు చూసుకోవలెను. ఈ వడ్డీని కొనుగోలుదారు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకొనుటకు కూడా వీలులేదు.

ఈ రక్షణ ఎవరికి?

“మనది కూలి నేత, మనకు ఈ చట్టము వర్తిస్తుందా?” అని కొందరు అడుగుతారు. చట్టములో సరుకు అమ్మేవారే కాక, సేవ చేసేవారు కూడా ఉన్నారు. షావుకారు నూలు ఇచ్చి బట్ట నేయించుకుంటే ఆ కూలి కూడా బాకీయే.

బాకీల విషయములో ఈ రక్షణ సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మాత్రమే. చట్టము పేరులో మధ్యతరహా అనే మాట ఉన్నప్పటికీ, మధ్యతరహావారు అమ్మినదానికి ఈ వడ్డీ రాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొలతలు మారినవి. యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది అమ్మకాలు 10 కోట్లు మించకపోతే సూక్ష్మ పరిశ్రమ. పెట్టుబడి 25 కోట్లు, అమ్మకాలు 100 కోట్లు మించకపోతే చిన్న పరిశ్రమ. ఇంటి వెనుక షెడ్డులో ఆరు మగ్గాలు, పన్నెండు మగ్గాలు ఆడించేవారందరూ సూక్ష్మ పరిశ్రమ క్రిందికే వస్తారు. బట్ట కొని అమ్మే వ్యాపారులను 2021 జూలైలో తిరిగి రిజిస్ట్రేషనులోకి చేర్చుకున్నారు గాని, అది బ్యాంకు అప్పుల విషయములో ప్రాధాన్యము కొరకు మాత్రమే. కాబట్టి మీరు నేస్తున్నారా, కొని అమ్ముతున్నారా అన్నది రిజిస్ట్రేషను కాగితములో సరిగా పడవలెను.

ఆ రిజిస్ట్రేషను పేరు ఉద్యమ్. 2020 జూలై 1 నుంచి నడుస్తున్నది. ఆధారు, పాను ఉంటే చాలును. ప్రభుత్వమువారు దీనికి ఒక్క పైసా రుసుము తీసుకోరు. వేయి ఇవ్వండి, రెండువేలు ఇవ్వండి అని అడిగేవారు దళారులు, వారికి ఇవ్వవద్దు.

బట్ట పంపిన తరువాత, బాకీ పడిన తరువాత రిజిస్టరు చేసుకుంటే సరిపోదా? ఇక్కడ జాగ్రత్త అవసరము. 2021లో శిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టువారు, తరువాత చేసుకున్న రిజిస్ట్రేషను అటుపిమ్మట ఇచ్చిన సరుకుకే పనికివస్తుందని చెప్పినారు. 2022లో మహాకాళీ ఫుడ్స్ కేసులోను అదే బాట. 2025 జనవరిలో ఎన్.బి.సి.సి. కేసులో ఇద్దరు న్యాయమూర్తులు, ముందే రిజిస్టరు కాలేదన్న కారణముతో త్రోసివేయరాదని భావించి, ప్రశ్నను ముగ్గురు న్యాయమూర్తుల బెంచికి పంపినారు. పెద్ద కోర్టులోనే రెండు విధాలుగా మాట వినిపించిన చోట చిన్నవాడు తన ఇంటిని పణము పెట్టకూడదు. పడుగు బీము ఎక్కించకముందే ఉద్యమ్ కాగితము ఇంట ఉంచుకొనుట క్షేమము. ఆ నంబరును ప్రతి బిల్లు మీద వేయించుకొనుట మరింత క్షేమము.

కొనుగోలుదారు పన్ను లెక్కలో మన బాకీ

2023 ఆర్థిక చట్టము ద్వారా ఆదాయపు పన్ను చట్టములోని 43బి సెక్షనుకు ఒక కొత్త అంశము చేర్చినారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చినది. పైన చెప్పిన 15 లేక 45 రోజుల గడువులో సూక్ష్మ, చిన్న పరిశ్రమకు సొమ్ము చెల్లించకపోతే, ఆ కొనుగోలును వ్యాపారి ఆ ఏడాది ఖర్చుగా చూపుకొనజాలడు. ఎప్పుడు చెల్లిస్తే ఆ ఏడాదికే ఖర్చు. అనగా మన బాకీ ఆపినవాడు దానిమీద ఆ ఏడాది పన్ను కట్టుకోవలసి వస్తుంది.

ఆ రోజులలో బట్టల బజార్లలో ఎంత కలవరము పుట్టినదో మీలో చాలామందికి జ్ఞాపకము ఉండును. మార్చి నెలలో కొందరికి పాత బాకీలు వచ్చినవి. మరికొందరికి, “మీకు రిజిస్ట్రేషను ఉంటే మీ దగ్గర కొనము” అన్న మాట వినిపించినది. రెండూ నిజమే. రిజిస్ట్రేషను లేనివాని దగ్గర కొనేవాడు ఆలస్యము చేయుటకే కొంటున్నాడని మనము గ్రహించవలెను. ఒక్కడు రిజిస్ట్రేషను వదలుకుంటే పక్కవానికి నష్టము. వీధిలో మగ్గము ఉన్న ప్రతివాడూ చేసుకుంటే కొనేవాడు ఎక్కడికి పోతాడు? సంఘము బలము ఇక్కడే పనికివస్తుంది.

ఎక్కడికి వెళ్లవలెను?

గడువు దాటిన బాకీకి సివిలు కోర్టు ఒక్కటే దారి కాదు. 2006 చట్టము క్రింద ఫెసిలిటేషను కౌన్సిలులు ఉన్నాయి. 2017 అక్టోబరు నుంచి సమాధాన్ అనే పేరుతో ఇంటినుంచే దరఖాస్తు పెట్టే ఏర్పాటు వచ్చినది. జిల్లా కేంద్రమైన విరుదునగరములోని జిల్లా పరిశ్రమల కేంద్రములో అడిగితే దారి చెప్తారు.

కౌన్సిలువారు మొదట ఇరువురినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే మధ్యవర్తి తీర్పు జరుగుతుంది. మనకు మేలు చేసే సంగతులు ఇందులో రెండు ఉన్నాయి. కొనుగోలుదారు దేశములో ఏ మూల ఉన్నా, సరుకు ఇచ్చినవాడు ఉన్నచోటి కౌన్సిలుకే విచారించే అధికారము ఉన్నది. మనము రైలెక్కి వాని ఊరికి పోనక్కరలేదు. రెండవది, తీర్పును రద్దు చేయమని కొనుగోలుదారు కోర్టుకు పోదలచుకుంటే, తీర్పులో చెప్పిన సొమ్ములో 75 శాతము ముందు డిపాజిటు చేయవలెను. సొమ్ము అట్టే పెట్టుకొని ఏండ్లతరబడి కేసు నడిపించుట అంత సులభము కాదు.

చట్టములో 90 రోజులలో తేల్చవలెనని ఉన్నది. ఆచరణలో అంతకంటె ఆలస్యము అవుతున్నదని కూడా చెప్పకపోతే నేను మిమ్ములను మోసగించినవాడనవుతాను. దరఖాస్తు పెట్టినవాడు ఓపిక పట్టవలెను. ఆ వ్యాపారి నుంచి మళ్లీ ఆర్డరు రాకపోవచ్చు. అందుచేత మొదటి అడుగు దరఖాస్తు కాదు. గడువు దాటిన మరునాడే చట్టము పేరు చెప్పి, వడ్డీ లెక్క వేసి, మర్యాదగా ఒక ఉత్తరము. చాలా బాకీలు ఆ ఉత్తరముతోనే కదులుతవి.

సంబంధము చెడుతుందని ఊరుకుంటే మరొక ప్రమాదము ఉన్నది. 1963 కాలపరిమితి చట్టము ప్రకారము అమ్మిన సరుకు బాకీకి సాధారణముగా మూడేండ్లు గడువు. ఆలోగా బాకీ ఉన్నదని కొనుగోలుదారు వ్రాసి సంతకము చేస్తే, ఆ తేదీనుంచి మళ్లీ మూడేండ్లు లెక్క. కాబట్టి ఏటేటా మార్చి ముగియగానే, “మీ ఖాతాలో మాకు ఇంత రావలెను” అని వ్రాసి, వారి సంతకము తెప్పించుకొనే అలవాటు మంచిది. బాకీ సొమ్ము కొంత వచ్చినా అది ఏ బిల్లుకు వచ్చినదో వ్రాయించుకోవలెను. ఫోనులో వచ్చిన సందేశాలు కూడా సాక్ష్యమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త సాక్ష్య చట్టము ప్రకారము వాటికి ధృవపత్రము జతచేసి కోర్టులో చూపవచ్చును. ఫోను మారినప్పుడు పాత సందేశాలు చెరిపివేయకండి.

చెక్కు: రెండంచుల కత్తి

ఇక ఇవ్వకూడని కాగితము సంగతి.

మనకు వచ్చిన చెక్కు సొమ్ము లేక తిరిగి వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టములోని 138వ సెక్షను ఉన్నది. రెండేండ్ల వరకు జైలు, లేక చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేక రెండూ పడవచ్చును. కాని దీనికి తేదీలు కఠినము. చెక్కు మీది తేదీనుంచి మూడు నెలలలోగా బ్యాంకులో వేయవలెను. తిరిగివచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజులలోగా వ్రాతమూలకముగా నోటీసు ఇవ్వవలెను. నోటీసు అందిన 15 రోజులలో ఇచ్చినవాడు చెల్లించవచ్చును. చెల్లించకపోతే, అటుపిమ్మట ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవలెను. “పాపము, వచ్చే నెల ఇస్తానన్నాడు” అని తేదీలు జారవిడిచినవారు ఎందరో.

ఇదే కత్తి మన వైపుకు కూడా తిరుగుతుంది. నూలు అరువుకు వెళ్లినప్పుడు, అంకెలు లేని చెక్కు మీద సంతకము చేసి ఇచ్చుట మన బజార్లలో పరిపాటి. “అది ఉత్త హామీ కొరకే” అని ఇద్దరూ అనుకుంటారు. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టువారు, ఇష్టపూర్వకముగా సంతకము చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు అయినా, అది బాకీ కొరకే ఇచ్చినదని చట్టము భావిస్తుందని చెప్పినారు. కాదని నిరూపించే భారము సంతకము చేసినవాని మీద ఉంటుంది. పద్దు పుస్తకము తప్ప మరేమీ లేనివాడు ఏమని నిరూపిస్తాడు?

ఇవ్వక తప్పనిచోట ఇట్లు చేయవలెను. ఎవరికో ఆ పేరు వ్రాయండి. ఇంత మొత్తమునకు మించరాదని చెక్కు మీదనే వ్రాయండి. రెండు గీతలు గీయండి. చెక్కు నంబరు, తేదీ, ఎందుకొరకు ఇచ్చినదీ చెప్పే చీటీ మీద పుచ్చుకున్నవాని సంతకము తీసుకోండి. బాకీ తీరిన నాడు చెక్కు వాపసు అడిగి తెచ్చుకోండి. నోటీసు వస్తే, అది ఏ భాషలో ఉన్నా, దేవుడి పటము వెనుక పెట్టకండి. ఆ 15 రోజులు మనకు చట్టము ఇచ్చిన ఊపిరి. ఆ సమయములో మాట్లాడుకుంటే ఇంటిలో తీరే తగవు, దాటిపోతే కోర్టు మెట్లు ఎక్కుతుంది.

గాయానికి కట్టే గుడ్డ

బ్యాండేజీ గుడ్డ నేసేవారికి ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. ఈ గుడ్డ చొక్కా గుడ్డ వంటిది కాదు. 2018 జనవరి 1 నుంచి అమలైన 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలలో శస్త్రచికిత్స కట్లు, బ్యాండేజీలు పేరుతో సహా ఉన్నాయి. పడుగు పోగులు ఎన్ని, పేక పోగులు ఎన్ని, చదరపు మీటరుకు ఎంత బరువు అనే కొలతలు మందుల నిబంధనలలో ఏనాటినుంచో ఉన్నవి. ముడి గుడ్డ నేసి ఇచ్చుట ఒకటి. దానిని బ్లీచింగు చేసి, కత్తిరించి, చుట్టి, పేరు వేసి ఆస్పత్రి వాడకానికి అమ్ముట వేరొకటి. ఆ రెండవ పనికి దిగేవారు మందుల నియంత్రణ శాఖ లైసెన్సును గురించి ముందే విచారించుకోవలెను. ఒక ఆర్డరు చేతికి వచ్చినదని ఇంటిలోనే చుట్టి చీటీ అంటించి పంపితే, పేక పలుచని గుడ్డ బట్టల తగవుతో పోదు. మందుల చట్టము దాకా పోతుంది.

ముడి గుడ్డ నేసేవారు కూడా ఆర్డరులో కొలతలు వ్రాయించుకోవలెను. పడుగు ఎంత, పేక ఎంత, వెడల్పు ఎంత, నూలు నంబరు ఎంత. ప్రతి లాటునుంచి ఒక మూర గుడ్డ చించి, తేదీ వేసి, దాచి ఉంచండి. రేపు “పలుచగా ఉన్నది” అంటే పోగులు లెక్కించి చూపవచ్చును.

కూలి నేతలో నూలు షావుకారుది. నూలు వచ్చినప్పుడు చలాను, గుడ్డ పోయినప్పుడు చలాను ఉండవలెను. జి.ఎస్.టి. చట్టము క్రింద షావుకారు పన్ను లేకుండా పంపిన నూలు ఒక ఏడాదిలోగా తిరిగి చేరవలెను గనుక ఈ కాగితాలు వారికీ అవసరమే. అడుగుటకు మొగమాటము అక్కరలేదు. వ్యర్థము ఎంత శాతము ఒప్పుకుంటారో ముందే వ్రాసుకుంటే, చివర కూలిలో కోత పడదు.

ఇంటింటా ఒక కట్ట

ఇవన్నీ చూసి బెదరనక్కరలేదు. ఒక గుడ్డసంచిలో ఐదు కాగితాలు ఉంటే చాలును.

1. ఉద్యమ్ రిజిస్ట్రేషను నకలు.
2. ప్రతి బేరానికి కొలతలు, ధర, గడువు ఉన్న ఆర్డరు చీటీ. ఫోనులో వచ్చినదైనా సరే.
3. సరుకు పుచ్చుకున్నవాని సంతకము, తేదీ ఉన్న చలాను. లారీ ఆఫీసు ద్వారా పంపితే వారి రశీదు.
4. నంబరు వేసిన బిల్లు. అందులో “15 రోజులలో లేక ఒప్పందపు గడువులో చెల్లించవలెను, గడువు దాటితే 2006 చట్టము ప్రకారము వడ్డీ” అనే ఒక్క వాక్యము.
5. ఏటా మార్చిలో బాకీ ఒప్పుకున్నట్లు సంతకము.

మన ఇండ్లలో లెక్క తెలుగులో, బేరము తమిళములో, కాగితము ఇంగ్లీషులో నడుస్తున్నవి. అందుచేత చదువుకున్న కొడుకో కూతురో ఈ సంచి బాధ్యత తీసుకోవలెను. కాలేజీలో చదివే ఆడపిల్ల నెలకు ఒక్క సాయంత్రము కూర్చుంటే పని అయిపోతుంది. సంఘమువారు చలాను, బిల్లు, బాకీ ఒప్పుకోలు చీటీల నమూనాలను మూడు భాషలలోను అచ్చువేయించి, ఇంటికొక పుస్తకము చొప్పున ఇప్పిస్తే ఎంతో ఉపకారము చేసినవారగుదురు. ఒంటరిగా ఒకడు సంతకము అడిగితే వ్యాపారికి కోపము రావచ్చును. వీధి అంతా అడిగితే అది బజారు పద్ధతి అవుతుంది.

మా పినతండ్రి సంగతి చెప్పి ముగిస్తాను. చెక్కు కేసు రాజీ అయినది. రాజీ సొమ్ము కొరకు ఆరు మగ్గాలలో రెండు అమ్మవలసి వచ్చినది. వ్యాపారి నుంచి రావలసిన మూడు లక్షల నలభై వేలలో, పెద్దల మాట మీద సగానికి తక్కువగానే చేతికి వచ్చినది. ఆయన ఎవరినీ తిట్టలేదు. మిగిలిన నాలుగు మగ్గాలు మళ్లీ ఆడుతున్నవి. ఇప్పుడు గుడ్డ మూట లారీ ఎక్కే ముందు చలాను పుస్తకము తెచ్చి పట్టుకొని నిలబడతాడు. ఎదుటివాడు తొందరపడితే, “సంతకము పెట్టిన తరువాతనే మూట కదులుతుంది, తమ్ముడూ” అంటాడు. ఆ అలవాటుకు ఆయన రెండు మగ్గాలు వెల ఇచ్చినాడు. మీరు ఆ వెల ఇవ్వకుండానే నేర్చుకోవలెనని నా మనవి.